ఆ మాటకి నా దారం ఎందుకు?

మా ఇంట్లో రీలు అంటే దారపు రీలే. మా అమ్మ లేసు అల్లేది, వాళ్ళమ్మా అల్లేది. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో ఏ ఊళ్ళో దిగి ఏ అరుగు మీద చూసినా అంతే, చేతిలో సూది, ఒళ్ళో తెల్లదారం, నోట్లో ఊరందరి కబుర్లు. అందుకే మా వీధి అయిపోయి పేట మొదలయ్యే చోట ఉండే పిల్ల ఒకరోజు వచ్చి "నేను రీల్స్ చేస్తున్నాను మామ్మగారూ" అంటే మా అమ్మ చాలా సీరియస్‌గా "ఏ నంబరు దారంతోనే?" అని అడిగింది. ఆ పిల్ల పడీపడీ నవ్వి, మర్నాడు మళ్ళీ వచ్చి అదే ప్రశ్న అమ్మ చేత అడిగించి, దాన్నే ఒక రీలుగా పెట్టేసింది.

డిగ్రీ రెండో ఏడు చదువుతోంది అప్పుడు. వాళ్ళ మామ్మతో కలిసి వంటల వీడియోలు చేసేది. పనసపొట్టు కూర, నెత్తళ్ళ ఇగురు, పాకుండలు, ఇలాంటివి. వంట కంటే మామ్మ మాటలే బాగుండేవి, "ఆయ్", "మరేనండి", "కూసింత ఉప్పెయ్యవే, మీ తాత పోయాక మీరందరూ చప్పిడి తిండికి మరిగారు" అంటూ. ఒక వీడియో ఎందుకో ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. దాని కింద వచ్చిన కామెంట్లు నేను ఇక్కడ మళ్ళీ రాయను. రంగు మీద, యాస మీద, ఇల్లు ఏ వైపు ఉందో కనిపెట్టి దాని మీద, చివరికి డెబ్భై దాటిన మామ్మ ఒంటి మీద కూడా రాశారు. ఊరూ పేరూ లేని అకౌంట్లు కొన్ని, పిల్లల ఫొటోలు ప్రొఫైలుకి పెట్టుకున్న పెద్దమనుషులవి కొన్ని.

అక్కడితో ఆగితే వేరే సంగతి. ఎవరో ఆ వీడియో ముక్క కోసి, మీద ఒక బూతు వాక్యం అతికించి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశారు. ఆలయం చందాలు, కరెంటు ఎప్పుడొస్తుందనే ప్రశ్నలు, చావు కబుర్లు వచ్చే గ్రూపు అది. దాని కింద నవ్వు మొహాలు వరసగా పడ్డాయి. పద్నాలుగు మంది పెట్టారు. పదిహేనోది నాది.

ఎందుకు పెట్టానని చాలాసార్లు అడుక్కున్నాను. భీమవరం నుంచి బస్సులో వస్తున్నాను, నించుని ఉన్నాను, వీడియో సౌండు పెట్టి చూడలేదు, అందరూ నవ్వారు కదా అని బొటనవేలు అలా తగిలింది. ఇవన్నీ నిజాలే. కానీ ఆ పిల్ల ఆ రాత్రి కూర్చుని చూసింది బయటి అకౌంట్లని కాదట, మా పదిహేను పేర్లని. "వాళ్ళెవరో నాకు తెలీదండి. మీరు నాకు తెలుసు కదండి" అని తర్వాతెప్పుడో అంది, కోపంగా కూడా కాదు, లెక్క చెప్పినట్టు.

ఈ వ్యాసంలో నేను వాదించేదంతా ఆ మాట చుట్టూనే. ఆన్‌లైన్‌లో తిట్టేవాణ్ణి మార్చడం ఎలా అని మనం తెగ ఆలోచిస్తాం. వాడు మారతాడో మారడో నాకు తెలీదు, నిజం చెప్పాలంటే వాడి మీద నాకు అంత ఆసక్తి కూడా లేదు. తిట్టు ఊళ్ళోకి నడిచొచ్చేది చూసి నవ్వేవాళ్ళ కాళ్ళతో. ఏం చేసినా ఆ పదిహేను మందితో చెయ్యాలి, దెబ్బ తగిలిన మనిషి కళ్ళెదురుగా చెయ్యాలి.

ఆ పిల్ల మూడు వారాలు కాలేజీకి వెళ్ళలేదు. సలహాలకి కొదవ లేదు. "పట్టించుకోకమ్మా" అన్నవాళ్ళందరూ ఆ కామెంట్లు చివరిదాకా చదివినవాళ్ళే. వాళ్ళ నాన్నా నేనూ ఒక పోలీస్ స్టేషనుకి వెళ్ళాం. అక్కడున్నాయన మర్యాదగానే కూర్చోబెట్టి "అకౌంట్ తీసేస్తే పోద్ది కదమ్మా" అన్నాడు. ఇల్లు తగలబడుతోందంటే ఇల్లు ఖాళీ చేసెయ్యమన్నట్టు. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది, కొట్టెయ్యాల్సిందే కూడా, నచ్చని మాట రాసినవాణ్ణల్లా లోపలెయ్యడానికి పనికొచ్చిన సెక్షను అది. కానీ అశ్లీలానికి 67 ఉంది, వెంటపడి వేధించడానికీ, ఆడమనిషిని కించపరిచే మాటకీ భారతీయ న్యాయ సంహితలో 78, 79 ఉన్నాయి. ఫోన్లో స్క్రీన్‌షాట్లు చూపించి, ఈ నంబర్లన్నీ చెప్పి, ఫిర్యాదు ఇచ్చే వచ్చాం. కాబట్టి నేను చెప్పబోయే బొంత కథ ఫిర్యాదుకి బదులు కాదు. అవసరమైతే కేసు పెట్టండి. కేసు నడిచేలోపు ఆ పిల్ల వీధిలోకి ఎలా వస్తుందన్నది వేరే ప్రశ్న.

నెట్ ఆపేస్తే పోతుంది అనేవాళ్ళూ ఉన్నారు. 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టే గొడవలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. గోదావరి పాయ వశిష్ఠకి ఇవతల ఉన్న మేం అవతలి చుట్టాలకి మామూలు కాల్స్ చేసి క్షేమం కనుక్కున్నాం. ఆ రోజున మంటలు ఇంకా పాకకుండా ఆపడానికి అది అవసరమే అయ్యుండొచ్చు, కాదనను. కానీ నెట్ తిరిగొచ్చాక మా చుట్టాల గ్రూపుల్లో మాటలు ఎక్కడ ఆగాయో అక్కడినుంచే మొదలయ్యాయి, మధ్యలో ఎవరూ ఎవరింటికీ వెళ్ళి కూర్చోలేదు మరి.

బొంత ఆలోచన నాది కాదు. అతుకుపని చేసే అత్త ఒకావిడ ఉంది మా ఊళ్ళో. లేసు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, పెద్ద దుప్పటంతా ఒక్క మనిషే అల్లడం తక్కువ. ఒక ఇంట్లో ఒక రకం పువ్వులు అల్లుతారు, ఇంకో ఇంట్లో ఇంకో రకం, అవన్నీ ఏజెంటు చేతుల మీదుగా అతుకుపని చేసేవాళ్ళ దగ్గరికి చేరతాయి. పువ్వు అల్లినావిడకి పక్క పువ్వు ఎవరు అల్లారో తెలీదు. ఎవరి చెయ్యి బిగువో, ఎవరి చెయ్యి వదులో, ఎవరింట్లో ఆ వారం జ్వరాలో అతుకు వేసేవాళ్ళకే తెలుస్తుంది. ఆ అత్త ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని "అందరూ తలో మాటా అన్నారు కదే. తలో ముక్కా కుట్టి తెమ్మను, నేను అతుకుతాను" అంది. అంతే. కళ అనే మాట ఎవరి నోటా రాలేదు. పాత చీరలో జానెడు ముక్క కత్తిరించి, దాని మీద ఆ పిల్ల గురించి తమకి తెలిసిన నిజం ఒకటి దారంతో కుట్టి ఇవ్వాలి, గొలుసుకుట్టో కాడకుట్టో ఏది వస్తే అది. అన్నీ కలిపి బొంత చెయ్యాలి. మా వైపు బొంత లేని ఇల్లు లేదు కనక ఎవరికీ వింతగా అనిపించలేదు.

మొదటి పేచీ ఏం కుట్టాలన్న దాని మీద. కాలేజీ పిల్లలు ఆ తిట్లనే కుడదామన్నారు, చూసి సిగ్గుపడాలి కదా అని. ఆ వాదనలో పస లేకపోలేదు. డయానా వేమర్ అనే ఆవిడ 2018లో తమ అధ్యక్షుడు ట్రంప్ అన్న మాటల్ని, వాళ్ళ అమ్మమ్మ సగంలో వదిలేసిన కుట్టుగుడ్డ మీద కుట్టడం మొదలుపెట్టింది, తర్వాత వేరే ఊళ్ళ నుంచీ జనం అలాంటివి కుట్టి పంపారు. పూల మధ్యలో ఆ మాటలు చూస్తే మాటకి ఉన్న వికారం తెలుస్తుంది. కానీ అక్కడ మాట అన్నది దేశాధ్యక్షుడు, వాడి మాట వాడికే చూపించడంలో ఒక అర్థం ఉంది. ఇక్కడ ఆ మాట పడ్డది పందొమ్మిదేళ్ళ పిల్ల మీద. ఈ చర్చంతా విని పిల్ల వాళ్ళ మామ్మ ఒకటే అంది: "ఆ మాటకి నా దారం ఎందుకు? రీలు ఊరికే వస్తందేంటి?"

రెండో పేచీ పెద్దది, ఎక్కడ కూర్చుని కుట్టాలి, కుట్టాక ఎక్కడ కట్టాలి. రామాలయం అరుగు అంటే పేట నుంచి రామన్నారు, రాకపోవడానికి వాళ్ళకి కారణాలున్నాయి. చర్చి ఆవరణ అంటే మా వీధివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. మా ఇంట్లో అంటే "మీ ఇంటికి మేం పనికి తప్ప వచ్చిందెప్పుడండీ" అని ఒకావిడ నవ్వుతూనే అంది, ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆన్‌లైన్ ద్వేషం అంటాం గానీ అదేదో సెల్ టవర్ నుంచి ఊడిపడినట్టు మాట్లాడకూడదు. ఆ కామెంట్లలో ఉన్నదంతా మా ఊరి మ్యాపులో ముందే ఉంది, ఎవరిల్లు ఎక్కడుండాలి, ఎవరు ఏ అరుగెక్కాలి అన్నదే. ఫోన్ దానికి పెద్ద నోరు ఇచ్చింది, అంతే. ఆ వేళ ఆ పేచీ పడకపోతే మేం పది రోజుల్లో చక్కటి బొంత ఒకటి కుట్టి, ఫొటో తీసి పెట్టుకుని, లైకులు లెక్కపెట్టుకునేవాళ్ళం. చివరికి బడి పక్కనున్న పాత వడ్ల కళ్ళం కుదిరింది, నీడకి టార్పాలిన్ కట్టుకుని. అది ఎవరిదీ కాదు.

డెల్టాలో కలిసి చేసే కళ కొత్తదేం కాదు. కనుమ రోజున కోనసీమలో జగ్గన్నతోటకి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 11 ఊళ్ళ రుద్రుల ప్రభలు, వెదురు కట్టి రంగురంగుల గుడ్డలు చుట్టి, భుజాల మీద ఎత్తుకుని పచ్చటి చేల మధ్య నుంచి, కౌశిక నీళ్ళలో దిగి మరీ మోసుకొస్తారు. చేను తొక్కారని ఎవరూ గొడవ పెట్టుకోరు, ప్రభ నడిచిన చేను బాగా పండుతుందని నమ్మకం. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్రం శకటం కూడా అదే. ప్రభ ఎత్తేటప్పుడు ఒక భుజం తగ్గితే మొత్తం ఒరుగుతుంది, కాబట్టి పక్కవాడితో నీకు పొలం గట్టు తగాదా ఉన్నా ఆ గంటసేపు వాడి అడుగు చూసుకునే నీ అడుగు వెయ్యాలి. ఇది చెప్పి మురిసిపోవడం కూడా తేలికే. ఏ ఊరి ఉత్సవంలోనైనా ఎవరి భుజం ముందుంటుంది, ఎవరు దూరంగా నించుని చూస్తారు అన్నది మనకి తెలియనిదేం కాదు. కలిసి చేసినంత మాత్రాన కళ అందరిదీ అయిపోదు. ఎవరెవర్ని కలుపుకున్నాం అన్నది మళ్ళీ మళ్ళీ అడుక్కోవాలి.

ఇంతకీ బొంతతో ఏమవుతుంది అని మా తమ్ముడు అడిగాడు. వాడు సాఫ్ట్‌వేర్, దేనికైనా ఫలితం చూపించమంటాడు. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ పేర్లతో కుట్టిన గుడ్డలు 1,920 పరిచారని చెప్పాను. ఒక్కోటీ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, దాదాపు సమాధంత. ఆ జబ్బు వచ్చిందంటే సొంతవాళ్ళే పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడిన రోజులవి. క్లీవ్ జోన్స్ మొదలుపెట్టిన ఆ పనిలో పేరు కుట్టాలంటే ఆ మనిషి గురించి కూర్చుని తలుచుకోవాలి కదా, ఏ రంగు ఇష్టం, ఏ చొక్కా వేసుకునేవాడు అని. చిలీలో పినోచే నియంతృత్వం నడిచినప్పుడు మాయమైపోయిన కొడుకుల కోసం అమ్మలు గోనెగుడ్డ మీద పాత బట్టల పేలికలతో బొమ్మలు కుట్టారు, వాటిని అర్పియేరాలంటారు, ఆ బొమ్మలు దేశం దాటి వెళ్ళి అక్కడ జరిగేది బయటికి చెప్పాయి. "ఇవన్నీ పెద్ద విషయాలక్కా, మనది ఊరి గొడవ" అన్నాడు. ఊరి గొడవే. ఆ పిల్లకి ఉన్నదీ ఆ ఊరే.

వాడు అడిగిన ఫలితం సంగతీ చూశాను. 2021లో జ్యూరిక్ పరిశోధకులు ట్విట్టర్‌లో జాతిద్వేషపు రాతలు రాసిన 1,350 మంది మీద ఒక ప్రయోగం చేసి ప్రచురించారు. కొందరికి ఎగతాళిగా జవాబిచ్చారు, కొందరికి "ఇది మీవాళ్ళందరూ చూస్తారు" అని హెచ్చరికగా, కొందరికి "ఈ మాట పడ్డవాళ్ళకి ఎంత బాధో" అన్నట్టుగా. ఎగతాళీ హెచ్చరికా నిలకడగా పనిచెయ్యలేదు. బాధ చెప్పిన జవాబు మాత్రం పనిచేసింది, కొందరు పాత రాతలు తీసేశారు, కొత్తవి తగ్గించారు. తేడా చిన్నదే, వాళ్ళే ఆ మాట రాసుకున్నారు. నాకు ఆ చిన్నతనమే నచ్చింది. స్వీడన్‌లో మీనా డెన్నెర్ట్ అనే జర్నలిస్టు 2016లో మొదలుపెట్టిన ఒక ఫేస్‌బుక్ గ్రూపు ఉంది, పేరుకి అర్థం "నేనిక్కడ ఉన్నాను". విషం కక్కుతున్న చోటికి గుంపుగా వెళ్ళి తిట్టుకి తిట్టు కాకుండా మర్యాదగా తమ మాట రాసి, ఒకళ్ళ మాటకి ఒకళ్ళు లైకులు కొట్టి పైకి తెస్తారు. తిట్టినవాడితో వాదన పెట్టుకోవడం కంటే, చూస్తూ కూర్చున్నవాళ్ళకి నువ్వొక్కడివే కాదు అని తెలియజెయ్యడం వాళ్ళ పని. మా బొంత కూడా "నేనిక్కడ ఉన్నాను" అనడమే, కాకపోతే నవ్వు మొహం పెట్టడానికి అర సెకను పడితే జానెడు గుడ్డ మీద నాలుగు మాటలు కుట్టడానికి మూడు మధ్యాహ్నాలు పడుతుంది. ఆ మూడు మధ్యాహ్నాలూ ఆ పిల్లనే తలుచుకుంటావు. వేరే దారి లేదు, సూది గుచ్చుకుంటుంది.

నాకు ఇబ్బందిగా ఉన్న సంగతి ఒకటి దాచిపెట్టను. తిట్టినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. కుట్టడానికి కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళు. ఊడ్చే పని లాగానే దయ చూపించే పని కూడా మాకే పడింది. మా లేసు కథ కూడా ఇదే కదా. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలతో వచ్చిన ఈ పనికి 2024లో జీఐ, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అన్న భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇక్కడి లేసు సముద్రాలు దాటి పోతుంది, అయినా మా అమ్మని ఎవరైనా ఏం చేస్తారని అడిగితే "ఖాళీగానే ఉంటాను" అనేది. జర్మనీ నుంచి వచ్చిన మారియా మీస్ 1970ల చివర్లో నరసాపురం లేసు ఆడవాళ్ళ మధ్య తిరిగి రాసింది కూడా ఇదే, పొద్దస్తమానం పనిచేస్తున్నా వాళ్ళని ఇంట్లో కూర్చున్న గృహిణులనే లెక్కేశారని, కూలి అంత తక్కువ ఉండడానికి అదీ ఒక కారణమని. అందుకే నేను పట్టుబట్టాను, మగవాళ్ళూ కుట్టాలని. గ్రూపు అడ్మిన్ "నాకు సూదిలో దారం ఎక్కించడం రాదండి" అన్నాడు. అతుకుపని అత్త సూదిలో దారం ఎక్కించి మరీ ఆయన చేతిలో పెట్టింది. పదిహేను మందిలో తొమ్మిది మంది వచ్చారు, ఆరుగురు రాలేదు, వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

నా ముక్క మీద "నేనూ నవ్వాను" అని కుట్టాను. ఇది మంచి మాట కాదు కదా, బొంతలో ఎందుకని చాలామంది అన్నారు. నిజం ఒకటి కుట్టమన్నారు, నాకు తెలిసిన నిజం అదొక్కటే. మా అమ్మకి ఇప్పుడు చూపు ఆనదు, అక్షరాలు వేళ్ళతో తడిమి చూసి "‘వ్వా’ సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ కుట్టు" అంది. విప్పి మళ్ళీ కుట్టాను.

మొత్తం 42 ముక్కలు వచ్చాయి. బడి గోడకి రెండు వెదుళ్ళు పాతి కట్టాం. మాకు తెలిసినదాన్ని బట్టి ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకోవాలి, అందరం చప్పట్లు కొట్టాలి. ఆ పిల్ల ఒక్కో ముక్కా నింపాదిగా చదివి, చిన్న కత్తెర అడిగింది. "తల వంచుకుని వెళ్తుంది", "ఎదురు మాట అనదు", "బంగారంలాంటి పిల్ల, ఎవరి వంకా చూడదు" అని మూడు ముక్కలున్నాయి, వాటి దారాలు తెంపేసింది. "ఎదురు మాట అంటే తిట్టొచ్చాండి మరి?" అని అడిగింది. కుట్టినవాళ్ళు నొచ్చుకున్నారు, ఒకావిడ ఏడ్చింది కూడా. నాకైతే ఆ మొత్తం వ్యవహారంలో అంత సరైన విమర్శ ఇంకొకటి కనిపించలేదు. మంచిపిల్ల కాబట్టి తిట్టకూడదు అనడంలో, కాకపోతే తిట్టొచ్చు అన్నది దాక్కునే ఉంటుంది. మేం నలభై రెండు మందిమి కూర్చుని కుడుతున్నప్పుడు ఒక్కరికీ తట్టలేదు.

ఆ మూడు ముక్కలూ ఖాళీగానే ఉన్నాయి. అతుకుపని అత్త కనపడినప్పుడల్లా "నువ్వే ఏదో ఒకటి కుట్టవే, చూడ్డానికి బాలేదు" అంటుంది. "ఉండనివ్వండి అత్తా" అంటుంది ఆ పిల్ల. వానలు మొదలయ్యేముందు బొంత విప్పేసి ఎవరింట్లో పెట్టాలా అనుకుంటుంటే వాళ్ళ మామ్మ మారుమాట లేకుండా మడిచి చంకన పెట్టుకుని పోయింది.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను, ఫిర్యాదు కాగితం మీద ఇంకో సంతకం కావాలంటేను. మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. మామ్మ ఆ బొంతనే నేల మీద పరుచుకుని, నలభై రెండు ముక్కల మీద నిద్రపోతోంది. పిల్ల పక్కనే కూర్చుని ఫోన్ గూట్లో నిలబెట్టి మామిడికాయ ముక్కలు కోస్తోంది. నేను గుమ్మంలోంచి పలకరించబోతే నోటి మీద వేలు పెట్టి, "రికార్డవుతోందండి, మామ్మ గురక బాగా వస్తోంది" అంది.